సున్నా శాతం వీరదుర్గ

మన రాష్ట్రంలో అన్నిటికన్నా కష్టమైన భాష తెలుగు. ఇంటర్మీడియట్‌లో తెలుగు తీసుకున్నవాడికి మంచి మార్కులు రావాలంటే పెట్టి పుట్టాలి. అదే సంస్కృతమో ఫ్రెంచో తీసుకుంటే నూటికి ఒకటో రెండో తగ్గించి చేతిలో పెడతారు. అందుకే గోదావరి జిల్లాల్లో ఫ్రెంచి పండితులకు కరువు లేదు. ఆ పండితుణ్ణి తీసుకెళ్లి పారిస్‌లో దింపితే మంచినీళ్లు అడగలేక గొంతెండి పోతాడన్నది వేరే సంగతి. మార్కుల లిస్టుకి దాహం వెయ్యదు.

మొగల్తూరు దగ్గర సముద్రపు వారన పుట్టిన వీరదుర్గ కూడా అలాగే ఫ్రెంచిలో పడింది. నరసాపురంలో ఇంటర్‌లో చేరే రోజున గుమస్తా ఏ భాష కావాలమ్మా అని అడిగాడు. ఆ పిల్ల నోరు తెరిచేలోపే ఫ్రెంచి అని రాసేశాడు. వాళ్లమ్మ మరిడమ్మ నరసాపురం మార్కెట్లో చేపలమ్ముతుంది. అది దేనికి పనికొస్తుందండీ అని ఆవిడ అడిగితే, మార్కులొస్తాయమ్మా అన్నాడు. మార్కులు దేనికి పనికొస్తాయి అని అడిగే మనిషి ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు కాబట్టి ఆవిడ కూడా తలూపింది.

అందరికీ వచ్చినట్టే వీరదుర్గకీ తొంభై తొమ్మిది వచ్చాయి. కానీ అందరూ చెయ్యని పొరపాటు ఒకటి ఆ పిల్ల చేసింది. అన్ని మార్కులు వచ్చాయి కాబట్టి తనకి ఫ్రెంచి వచ్చనుకుంది. ఆ నమ్మకంతో ఫోన్లో ఒక ఫ్రెంచి కథ తెరిచింది. మొదటి వాక్యంలో ‘మరియు’ అన్న మాట తప్ప ఏదీ అర్థం కాలేదు. ఇంకొకరైతే నవ్వుకుని ఇంజినీరింగులో చేరేవారు. వీరదుర్గకి రోషం వచ్చింది. వచ్చిన మార్కుల్ని నిజం చేసి తీరాలని రాజమండ్రి వచ్చి డిగ్రీలో కూడా ఫ్రెంచే తీసుకుంది.

ఆ కాలేజీ గేటుకి ఎదురుగా నాది బైండింగు దుకాణం. నాకున్న కాస్త చదువూ అట్టలు వెయ్యమని తెచ్చిచ్చిన కాగితాల్లోంచి అబ్బిందే. కాలేజీల్లో జరిగేవి నాకు తెలియడానికి కారణం కూడా అదే. అట్ట ఆరేదాకా పిల్లలకి వేరే పనుండదు. బల్ల మీద కూర్చుని చెబుతారు, నేను వింటాను.

ఆ కాలేజీలో ఫ్రెంచి శాఖ పెట్టడానికి కారణం ఫ్రెంచి కాదు. విదేశీ భాష ఒకటి నేర్పుతున్నామంటే గ్రేడింగు కమిటీ వాళ్లు పాయింట్లు ఇస్తారట. అందుకని ఒక గది, ఒక బోర్డు, గోడకి ఈఫిల్ టవర్ బొమ్మ, ఒక లెక్చరర్‌ని సమకూర్చారు. విద్యార్థులు కూడా ఉండాలని తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు దొరికిన ఒకే ఒక్క విద్యార్థి వీరదుర్గ. ఆ పిల్లకి జ్వరమొస్తే శాఖకి సెలవు.

ఆ లెక్చరర్ సత్యప్రసాద్ గారు. మంచి మనిషి. పాండిచ్చేరి వెళ్లి కష్టపడి ఫ్రెంచి నేర్చుకొచ్చిన మాట నిజం. వచ్చాక మాట్లాడ్డానికి మనిషి దొరక్క అది ఆయన లోపలే ఉండిపోయింది. ఆయనకి ఫ్రెంచి కన్నా బాగా వచ్చిన విద్య భయం. ప్రిన్సిపాల్ అంటే భయం, ప్రిన్సిపాల్ గారి అటెండర్ అంటే అంతకన్నా భయం.

నాలుగో ఏడు కూడా చదివి ఒక సిద్ధాంత గ్రంథం రాస్తే ‘రిసెర్చితో ఆనర్స్’ అని డిగ్రీ ఇస్తారు. ఆ డిగ్రీ ఉంటే హైదరాబాద్‌లో పెద్ద యూనివర్సిటీలో ఫ్రెంచి ఎం.ఏ.కి వెళ్లొచ్చు. వీరదుర్గ దానికి ముందే ఇంటర్వ్యూకి వెళ్లొచ్చింది. సీటు ఇస్తామన్నారు, థీసిస్ పాసైన కాగితం తెమ్మన్నారు. ఆ పిల్లకి నాలుగేళ్లూ ఒక ఎత్తు, ఆ కాగితం ఒక ఎత్తు.

మా వైపు థీసిస్ రాయడం గురించి చెప్పాలి. పెళ్లిళ్లకి వంట గిన్నెలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరిగినట్టు ఇక్కడ థీసిస్సులు తిరుగుతాయి. సీనియర్‌ది జూనియర్ తీసుకుని, పేరు మార్చి, ‘ముఖ్యమైన’ అన్నచోట ‘ప్రధానమైన’ అని పెట్టి, ‘ప్రధానమైన’ అన్నచోట ‘ముఖ్యమైన’ అని పెడతాడు. కాపీ ఎంతుందో పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి కాలేజీలో ఉంది. పది శాతం దాటితే అది ఒప్పుకోదు. కాబట్టి అందరి పరిశోధనా సరిగ్గా తొమ్మిది దగ్గర ఆగుతుంది. అలా ఆపడమే పరిశోధన. ఒకే థీసిస్‌కి నేను మూడు రంగుల అట్టలు మూడు బ్యాచిల కోసం వేశాను. ఏ బ్యాచికీ తప్పులు మారలేదు.

వీరదుర్గకి కూడా సత్యప్రసాద్ గారు పాండిచ్చేరి నుంచి తెప్పించిన అలాంటి గిన్నె ఒకటి చూపించారు. ఆ పిల్ల వద్దంది. అప్పటికే దానికి ఒక పిచ్చి పట్టుకుంది. మూడొందల ఏళ్ల కిందటి ఫ్రెంచి నాటికలు కొన్ని నెట్‌లో ఉచితంగా దొరికాయి. అప్పట్లో పారిస్‌లో పెద్దమనుషులకి ఒక సరదా ఉండేదట. చేపలమ్ముకునే ఆడవాళ్ల మాటల్ని అనుకరిస్తూ నాటికలు రాసుకుని, ఆ తిట్లు విని పడీపడీ నవ్వుకునేవారట. చేపలామె బుట్ట పెట్టుకుని కూర్చుంటుంది. ఎవడో దొర వచ్చి బేరమాడతాడు. ఆవిడ లేచి వాడి వంశాన్నంతా కడిగి ఆరేస్తుంది. తెర.

హాస్టల్ మెట్ల మీద కూర్చుని వీరదుర్గ అలాంటి తిట్ల వాన ఒకటి తెలుగు చేసి ఫోన్లో వాళ్లమ్మకి వినిపించింది. అమ్మ నవ్వుతుందనుకుంది. మరిడమ్మ అంతా విని, “ఇంతకీ చేప అమ్మిందా?” అంది.

“తిట్టిందమ్మా. అక్కడితో అయిపోయింది.”

“కొనడానికొచ్చినోణ్ణి అలా తిడితే మళ్లీ వత్తాడేంటే? ఆ రాసినోడెవడో ఎప్పుడూ చేప అమ్మలేదు. కొననూ లేదు, వాళ్లింట్లో నౌకరు తెచ్చుంటాడు.”

ఆ ముక్కతో వీరదుర్గకి థీసిస్ దొరికింది. అప్పటినుంచి శనివారం బస్సెక్కి నరసాపురం వెళ్లి, మార్కెట్లో తల్లి పక్కన పీట వేసుకుని కూర్చునేది. పుట్టినప్పటినుంచి చూస్తున్నదే, కానీ వినడం అదే మొదలు. నరసాపురం ఆడవాళ్లు కూడా తిడతారు. అందులో పారిస్‌కి తీసిపోరు. కాకపోతే బేరం తక్కువకి అడిగినవాణ్ణి తిట్టరు. చేపని తిడతారు.

ఒక శనివారం రిటైరైన ఆఫీసరు గారొకాయన వచ్చి చందువా చేపని వేలితో పొడిచి చూసి, అడగకూడనంత తక్కువకి అడిగారు. మరిడమ్మ ఆయన వంక చూడనే లేదు. చందువాని రెండు చేతులా ఎత్తి ముఖం దగ్గర పెట్టుకుంది.

“విన్నావటే తల్లీ. అయ్యగారు నిన్ను బెండకాయల ధరకి అడుగుతున్నారు. సముద్రంలో అంతదూరం ఈదుకుంటూ వచ్చింది ఈ మాట పడ్డానికా? సిగ్గేసి కళ్లు మూసుకుందామన్నా నీకు రెప్పలు లేవాయె.”

ఆఫీసరు గారు నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి ఆయనకి కోపం తెచ్చుకునే వీలు లేకపోయింది. మరిడమ్మ చెప్పినంతా ఇచ్చి చందువా పట్టుకుపోయారు. మళ్లీ వారం కూడా వచ్చారు.

ఇదంతా నాలుగో అధ్యాయం అయింది. దాని సారాంశం నాకు అర్థమైనంతవరకు ఇది. పారిస్ పెద్దమనుషులు మార్కెట్‌కి వినోదానికి వెళ్లారు గాని కూరకి వెళ్లలేదు. అందుకే వాళ్ల నాటికల్లో చేపలామెకి నోరు ఉంటుంది గాని వ్యాపారం ఉండదు. నాటకంలో చేప అమ్ముడుపోనక్కర్లేదు, టిక్కెట్టు అమ్ముడైతే చాలు.

సత్యప్రసాద్ గారు చదివి ముందు మురిసిపోయారు. అది కాసేపే. తర్వాత అలవాటు ప్రకారం భయపడ్డారు. ఫ్రెంచి నాటికలకి పుస్తకాల జాబితా ఉంది, మరిడమ్మ మాటలకి ఏ పుస్తకం చూపిస్తావమ్మా అన్నారు. మా అమ్మండి అంది వీరదుర్గ. మీ అమ్మగారి ప్రచురణకర్త ఎవరు అని ఆయన అడిగారు. ఆయన వేళాకోళం ఆడలేదు, నిజంగానే అడిగారు.

థీసిస్‌ని సాఫ్ట్‌వేర్‌లో వేసే బాధ్యత కిరణ్ కుమార్ గారిది. ఆయన కంప్యూటర్ సైన్సు మాస్టారు, రిసెర్చి కమిటీ కన్వీనరు. వేశారు. సున్నా వచ్చింది.

ఆ కాలేజీలో సున్నా ఎవరూ చూసి ఉండలేదు. ఆయన కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టారు. సున్నా. అనుమానమొచ్చి పక్కనున్న కామర్సు కుర్రాడి థీసిస్ వేసి చూశారు. తొమ్మిది. అంటే యంత్రం బాగానే ఉంది, పిల్లలోనే ఏదో లోపం ఉంది.

కమిటీ కూర్చుంది. ప్రిన్సిపాల్ రాజరత్నం గారు థీసిస్‌ని తిరగేసి బరువు చూశారు. చదవడం ఆయన పని కాదు, అధ్యక్షత వహించడం ఆయన పని. ఎక్కడా లేని విషయం ఈ అమ్మాయికి ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆయన సందేహం. ప్రపంచంలో ఎవరూ ఇంతవరకు రాయలేదంటే అది రాయదగ్గది కాకపోయి ఉంటుందని కిరణ్ కుమార్ గారి అభిప్రాయం. సత్యప్రసాద్ గారు ఈ రెంటితోనూ ఏకీభవించారు. చివరికి తేల్చిందేమిటంటే, ఆధారం లేని నాలుగో అధ్యాయం తీసెయ్యాలి, థీసిస్‌ని సున్నా మీంచి కదిపి నలుగురిలోకీ తీసుకురావాలి. లేకపోతే పాస్ చెయ్యడం కుదరదు.

కిరణ్ కుమార్ గారు నెమ్మదస్తులు. బయటికొచ్చి వీరదుర్గకి నచ్చజెప్పారు. “తొమ్మిది తెమ్మనట్లేదమ్మా. నాలుగో అయిదో వచ్చినా చాలు. మాకూ మనశ్శాంతిగా ఉంటుంది.”

వీరదుర్గ ఏడవలేదు గాని ఏడిస్తే బాగుండుననిపించేంత గట్టిగా మూతి బిగించుకుని మా బల్ల మీద కూర్చుంది. నాలుగో అధ్యాయం తీసేస్తే మిగిలేది మూడొందల ఏళ్ల కిందటి తిట్ల జాబితా. తియ్యకపోతే పాస్ కాగితం లేదు, హైదరాబాద్ లేదు. వెనకాలే వచ్చిన సత్యప్రసాద్ గారు గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పారు. నాలుగోది అలాగే ఉంచి ముందు ఇంకో అధ్యాయం చేర్చమన్నారు. కమిటీకి కావలసింది అంకె గాని అధ్యాయం కాదు కదా.

“దేంట్లోంచి కాపీ కొట్టమంటారు సార్?”

“ఎవరూ వేలెత్తి చూపలేనిది చూడమ్మా. మన కాలేజీ ప్రాస్పెక్టస్ ఉంది కదా, ‘మా సంస్థ పరిచయం’ అని దించెయ్యి. మన ఇంటి సొమ్ము, మనల్ని ఎవరడుగుతారు?”

వీరదుర్గ ప్రాస్పెక్టస్ తీసుకుని అక్కడే చదివింది. కాలేజీ చరిత్ర చదివింది. ప్రిన్సిపాల్ గారి సందేశం చదివింది. ఒకచోట ఆగి, మళ్లీ మొదటినుంచి చదివింది. బిగించిన మూతి కాస్త వదులైంది. అక్షరం పొల్లుపోకుండా దించుతానండి అంది. సత్యప్రసాద్ గారు ఆ పిల్ల వినయానికి సంతోషించి టీ ఇప్పించారు.

ఈసారి తొమ్మిది వచ్చింది. కిరణ్ కుమార్ గారి ముఖం కళకళలాడింది. ఇప్పుడు థీసిస్‌లా ఉందమ్మా అని అభినందించారు. నాలుగో అధ్యాయం ఉందో లేదో చూడనే లేదు. రిపోర్టు ప్రింటు తీసి సంతకాలకి కమిటీ ముందు పెట్టారు. ఆ రిపోర్టు ఎంత శాతమో చెప్పి ఊరుకునేది కాదు. ఏ వాక్యం ఎక్కడిదో కూడా కింద రాస్తుంది. అన్ని థీసిస్సులకీ రాస్తూనే ఉంది, అంకె చూశాక కిందకి ఎవరూ పోరంతే. ఆ రోజు కళ్లజోడు సవరించుకుంటూ రాజరత్నం గారి చూపు పొరపాటున కిందకి జారింది.

తొమ్మిదికి తొమ్మిదీ ఒకే చోటి నుంచి వచ్చాయి. హిమాలయాల్లో ఎక్కడో ఉన్న ఒక కాలేజీ వెబ్‌సైటు. ఆ కాలేజీ పేరు గాని, ఆ ఊరి పేరు గాని గదిలో ఎవరూ వినలేదు.

రాజరత్నం గారు వీరదుర్గని పిలిపించి, థీసిస్‌లో ఆ పేజీ తెరిపించి పైకి చదివించారు. మంచు కప్పిన శిఖరాల ఒడిలో, దేవదారు వృక్షాల చల్లని నీడలో మన కళాశాల విలసిల్లుచున్నదని ఇంగ్లీషులో ఉంది. అది రాజమండ్రిలో మే నెల. బయట తారు రోడ్డు చెప్పులకి అంటుకుంటోంది. లోపల ఫ్యాను వేడిగాలిని ఒక మూల నుంచి ఇంకో మూలకి మోస్తోంది.

“ఏమ్మా, ఈ మంచూ ఈ చెట్లూ మనకెక్కడివి? ఎవరి సరుకు ఇది?”

“ఆయ్, మీ సందేశమేనండి. ప్రాస్పెక్టస్‌లో మీ ఫోటో కిందుందండి.”

ఆ సందేశం ఏటా అచ్చవుతోంది. ఏటా ఆయన సంతకంతోనే అచ్చవుతోంది. తల్లిదండ్రులకి పంచారు, గ్రేడింగు కమిటీకి పట్టు శాలువాతో పాటు ఇచ్చారు. ఎవరు ఎక్కణ్ణుంచి దించారో ఆయనకీ తెలియదట. చదివితే కదా తెలియడానికి.

సత్యప్రసాద్ గారు ఈఫిల్ టవర్ మీంచి దూకడానికి సిద్ధంగా ఉన్న మనిషిలా ఉన్నారట. వీరదుర్గ ఎవరి వైపూ చూడలేదు. బల్ల మీదున్న థీసిస్‌ని రెండు చేతులా దగ్గరికి తీసుకుంది.

“విన్నావా తల్లీ. సున్నా ఉన్నప్పుడు నీకు మూలం లేదన్నారు. తొమ్మిది తెచ్చుకుంటే మంచు ఎక్కడిదంటున్నారు. రాత్రీ పగలూ రాసుకొచ్చింది ఈ మాటలు పడ్డానికా? ఎదురు చెబుదామన్నా నీకు నోరు లేదాయె. ఉన్నవన్నీ కాగితాలే.”

సత్యప్రసాద్ గారు నవ్వేశారు. ఆ గదిలో నాలుగో అధ్యాయం చదివినవాడు ఆయనొక్కడే. కొన్నేళ్లుగా లోపల దాచుకున్న ఫ్రెంచి అంతా ఒక్కసారి బయటికొచ్చినట్టు నవ్వారట. మిగతా ఇద్దరికీ అదేం తెలియదు. ఆడపిల్ల మనసు కష్టపెట్టుకుని కాగితాలతో చెప్పుకుంటోందనుకున్నారు. తనని ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి రాజరత్నం గారికి కోపం తెచ్చుకునే వీలు లేకపోయింది.

“బాధపడకమ్మా” అన్నారు. “పిల్లలు కష్టపడింది మేం చూడమా?”

ఆ మీద చకచకా జరిగిపోయింది. తొమ్మిది శాతం రిపోర్టు ఎవరి కంటా పడకుండా సంచిలోకి పోయింది. పాత థీసిస్సే, సున్నా శాతంది, నాలుగో అధ్యాయంతో సహా ఆమోదించాలని తీర్మానించారు. కాకపోతే నిబంధనలు ఉంటాయి కదా. ఎవరైనా కాపీ కొట్టకపోతే ఏం చెయ్యాలో నిబంధనల్లో లేదు. అందుకని మినిట్స్‌లో ఇలా రాశారు: ‘సదరు విద్యార్థిని సొంతంగా రాసినందున, ఈ ఒక్కసారికి ప్రత్యేక మినహాయింపు ఇవ్వడమైనది.’

పుస్తకాల జాబితాలో సత్యప్రసాద్ గారు తన చేత్తో ఒక పంక్తి చేర్చారు. మరిడమ్మ, చేపల మార్కెట్, నరసాపురం, ముఖాముఖి. ఆయన జీవితంలో ఎవరినీ అడక్కుండా చేసిన పని అదొక్కటేనని నాకనిపిస్తుంది. పాస్ కాగితం అందాక ఆయన వీరదుర్గతో నాలుగు మాటలు ఫ్రెంచిలో మాట్లాడారట. ఇద్దరికీ ఉచ్చారణ కుదరక తెలుగులోకి దిగిపోయారు.

మంచు సంగతి దించేటప్పుడే నీకు తెలుసు కదమ్మా అని నేను తర్వాత అడిగాను. “సార్ అక్షరం పొల్లుపోకుండా దించమన్నారండి” అంది. ఆ మాట సార్ అనలేదు, తనే అంది. నేను సరిచెయ్యలేదు.

హైదరాబాద్ వెళ్లే ముందు అట్ట వేసిన ప్రతి తీసుకోవడానికి తల్లీకూతుళ్లిద్దరూ వచ్చారు. మరిడమ్మని చూడటం నాకదే మొదలు. పుస్తకం చివరి పేజీలో కూతురు వేలు పెట్టి చూపించింది. ముందూ వెనకా ఫ్రెంచి పేర్లు, మధ్యలో ఆవిడ పేరు.

“వీళ్లంతా ఎవరే?”

“నీలా మాట్లాడదామని చూసినోళ్లమ్మా.”

“పాపం” అంది మరిడమ్మ, నిజంగా జాలిపడి. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, మొప్ప ఎత్తి చూసినట్టు అట్ట ఎత్తి కుట్టు చూసింది. ఎంతండీ అని అడిగింది. చెప్పాను. ఎక్కువేం చెప్పలేదు, అందరికీ చెప్పేదే. ఆవిడ నా వంక చూడలేదు. పుస్తకాన్ని ముఖం దగ్గరికి ఎత్తుకుంది.

“విన్నావటే తల్లీ. మాట నాది, రాత నా కూతురిది. ఈయనది పై అట్ట. అట్టకే ఇంతడుగుతున్నారు.”

కొనేటప్పుడు కూడా ఇదే పద్ధతని నాలుగో అధ్యాయంలో ఎక్కడా లేదు. వీరదుర్గ నోరు తెరుచుకుని చూస్తోంది. సంచీలో ఫోన్ కోసం తడుముకుంటే మరిడమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఇది రాయకే. మొన్న రాసింది చాలు.”

నేను నవ్వాను. ఆవిడ ఇచ్చినంత తీసుకున్నాను.